దీపాలవేళ పిలిచే పేరు

మా ఊళ్ళో దీపాలు పెట్టే వేళకు ఒక పేరు పిలిచేవాళ్ళు. తలారి ముత్యాలయ్య చేతికర్ర నేలకేసి కొట్టుకుంటూ వచ్చి, పెద్దింటి గేటు ముందు నిలబడి, "హజరత్తయ్యో" అని కేకేసేవాడు. వీధి చివర తాటాకు గుడిసెలోంచి "ఉండా సామీ" అని బదులు రావాలి. వస్తే ముత్యాలయ్య ఇంటికి పోయేవాడు. రాకపోతే తెల్లారి స్టేషనుకు పోయి చెప్పాలి. ఆ కేక వినపడగానే తల్లులు ఆడపిల్లల్ని లోపలికి పిలుచుకుని తలుపులు వేసుకునేవాళ్ళు. కొందరైతే ఆ కేకను బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. అంతగా అలవాటైపోయింది.

హజరత్తయ్య ఆడపిల్లను చెరిచిన కేసులో జైలుకు పోయి వచ్చినవాడు. అలాంటివాడు జైలునుంచి తిరిగొచ్చాక స్టేషనులో వాడి పేరు మీద ఒక షీటు తెరుస్తారు. షీటు ఉన్నవాణ్ణి ఊరు కేడీ అంటుంది. కేడీ వేరే ఊళ్ళో పడుకోవాలంటే తలారికి చెప్పి పోవాలి, ఆ ఊరి తలారికి కనపడాలి. తిరనాళ్ళప్పుడు పొద్దస్తమానం చావడి అరుగు మీద అందరికీ కనపడేట్టు కూర్చోవాలి. చుట్టుపక్కల ఏ ఆడపిల్ల ఏడ్చినా ముందు వాడి గుమ్మంలోకే వస్తారు. ఇదంతా స్టేషను పద్ధతి. వీధిలో నిలబడి ఊరంతా వినేట్టు కేకేసి పిలవడం మాత్రం మా ఊరు సొంతంగా పెట్టుకున్న ముచ్చట. పెట్టినవాడు గ్రామ మునసబు కోదండయ్య. పెద్దిల్లు ఆయనదే.

"నలుగురికీ తెలియాల. ఊళ్ళో ఆడపిల్లలుండారు," అన్నాడాయన.

నలుగురికీ ముందునుంచీ తెలిసింది ఒకటే. ఆ పని చేసింది హజరత్తయ్య కాదు, పనివాళ్ళంతా చిన్నయ్య అని పిలిచే కోదండయ్య తమ్ముడు దశరథం. ఈ సంగతి తెలియని గడప మా ఊళ్ళో లేదు. తెలిసి కూడా తెలియనట్టు కాపురాలు చేసుకోవడంలో మా వాళ్ళను మించినవాళ్ళు ఉంటారని నేననుకోను.

హజరత్తయ్య పెద్దింట్లో బండి తోలేవాడు. చాలాకాలం బిడ్డలు లేక వాళ్ళమ్మ దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టింది. మెతక మనిషి. ఎద్దుల్ని చెర్నాకోలతో కొట్టడం ఎవరూ చూడలేదు, నాలుకతో టక్కుమనిపిస్తే చాలు, అవి నడిచేవి. కోదండయ్య ఏం చెప్పినా "అట్నే అయ్యా" అనేవాడు. వీడికి దేవుడు ఆ ఒక్క మాటే ఇచ్చి పంపాడా అని ఊళ్ళో వెక్కిరించేవాళ్ళు. చివరికి వాణ్ణి ముంచింది ఆ మాటే.

పంతొమ్మిది వందల యాభై ఏడులో, వానలు వెనకబడిన ఏడు, సముద్రం పక్కన సరుగుడు చెట్లు పెంచిన పెద్దింటి సర్వితోటలోకి ప్రేమలీల అనే పెళ్ళీడు పిల్ల ఎండుపుల్లలు ఏరుకోవడానికి పోయింది. అక్కడ దశరథం ఆమె మీద పడ్డాడు. తోట బయట బండి నిలుపుకున్న హజరత్తయ్య ఏడుపు విని పరుగెత్తేసరికి దశరథం పంచె దులుపుకుంటూ ఎదురొచ్చాడు. "బండి కట్టరా," అన్నాడు. వీడు బండి కట్టాడు. కాని దశరథాన్ని ఎక్కించుకోలేదు. ఆ పిల్లను ఎక్కించుకుని, తన తువ్వాలు కప్పి, వాళ్ళ పాలెం దాకా తోలుకుపోయి ఇంటి ముందు దించాడు. జన్మలో ఒక్కసారి యజమాని మాట కాదన్నాడు. ఆ ఒక్కసారే పదిమందీ చూశారు. పెద్దింటి బండిలోంచి ఆ పిల్ల ఏడుస్తూ దిగింది, చెయ్యి పట్టి దించినవాడు హజరత్తయ్య.

ప్రేమలీల తండ్రి యెహోషువ ఊరుకునే రకం కాదు. నేరుగా స్టేషనుకు పోయాడు. కేసంటూ పడ్డాక ఎవడో ఒకడు కావాలి. కోదండయ్య హజరత్తయ్యను ఇంటికి పిలిపించాడు. వాడి భార్య వెంకటశేషమ్మ అప్పుడు నిండు చూలాలు. పిలుపులో ఏదో తేడా కనపడి ఆమె కూడా వెంట వచ్చి అరుగు కింద నిలబడింది.

"ఒప్పుకోరా. పొయ్యి కొన్నాళ్ళు కూర్చోని వస్తావు, అంతే గదా," అన్నాడు కోదండయ్య. "నీ పెళ్ళానికీ పుట్టబొయ్యే బిడ్డకీ నేనుండా. కాదంటావా, ఆ గుడిసె వేసుకున్న నేల నాది. ఈ పొద్దే ఖాళీ చేసి పొండి."

"ఒద్దు. ఇసకలో పడుకుందాం గాని ఒద్దు," అంది వెంకటశేషమ్మ.

హజరత్తయ్య భార్య కడుపు వంక చూశాడు. "అట్నే అయ్యా," అన్నాడు.

జైలంటే విషజ్వరం లాంటిదనుకున్నాడు వాడు. ఉన్నన్నాళ్ళు ఉంటుంది, దిగిపోయాక పత్యం తిని మళ్ళీ పనిలోకి పోవచ్చు. మా తీరంలో కూలివాళ్ళు చాలామంది అట్లాగే అనుకునేవాళ్ళు. కల్లు కేసులో దొరవారి బదులు జీతగాడు పోయి రావడం మామూలే, వచ్చాక ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఈ కేసు అలాంటిది కాదని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళకు చెప్పే అవసరం లేదు.

కోర్టులో ప్రేమలీల తల వంచుకుని "పెద్దింటి బండి" అంది. బండి అంటే తోలేవాడని రాసుకున్నారు. ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పబోయింది గాని, నేనే చేశానని ఒకడు చేతులు కట్టుకుని ఒప్పుకుంటుంటే ఇంక ఆమె చెప్పేది వినే ఓపిక ఎవరికుంటుంది? వాడికి మూడేళ్ళు వేశారు. యెహోషువ మా ఊరి మట్టి కాలికి అంటకుండా విదిలించుకుని పెళ్ళాం బిడ్డలతో చిల్లకూరు వైపు చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

హజరత్తయ్య తిరిగొచ్చింది అరవైలో. కూతురు కామాక్షమ్మ అప్పటికి వీధిలో పరుగులు పెడుతోంది. వాడు ఆ పిల్లను మొదటిసారి ఎత్తుకున్న సాయంత్రమే ముత్యాలయ్య వచ్చి పేరు పిలిచాడు. ఎందుకు పిలిచాడో వాడికి తెలియక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నీ మీద షీటు తెరిచినారు. నేను కేకేస్తే పలకాల. ఇంక రోజూ ఇంతే," అన్నాడు ముత్యాలయ్య. "ఎన్నాళ్ళు?" అని అడిగాడు వాడు. ముత్యాలయ్య కర్ర ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

రోజూ చెవినపడే పేరుకు ఒక గుణముంటుంది. వినగా వినగా నిజం తెలిసినవాళ్ళకు కూడా ఆ మనిషిని చూస్తే ఒళ్ళు జలదరించడం మొదలైంది. బావి దగ్గర ఆడవాళ్ళు వాడొస్తే కొంగులు సర్దుకునేవాళ్ళు. పిల్లలు దాన్ని ఆట చేసుకున్నారు. ఒకడు ముత్యాలయ్య, ఒకడు హజరత్తయ్య, మిగతావాళ్ళంతా ఆడపిల్లలు. హజరత్తయ్య తాకినవాళ్ళు చచ్చినట్టు. కామాక్షమ్మ కూడా ఆ ఆట ఆడింది, అది తన తండ్రి పేరని తెలిసే వయసు దాకా.

దశరథం మాత్రం దీపాలవేళకు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పెద్దింటి అరుగు మీద కూర్చునేవాడు. కేక తన ఇంటి గేటు ముందునుంచే లేవాలి గదా. బదులు కాస్త ఆలస్యమైతే "పలకవేందిరా హజరత్తా," అని నవ్వేవాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. వాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

అన్నిటికంటే పాపం వెంకటశేషమ్మది. ఆ బేరం ఆమె కళ్ళముందే జరిగింది. మొగుడు ఈగకు కూడా అపకారం చేయడని ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కాని కేక వినపడినప్పుడు తక్కిన తల్లులంతా పిల్లల్ని లోపలికి లాక్కుంటుంటే ఆమె ఒక్కతే ఊరుకుంటే ఏమనుకుంటారు? ఇదేం తల్లి అనరా? అందుకని ఆమె కూడా కామాక్షమ్మ చెయ్యి పట్టుకుని, మొగుడి పక్కనుంచి లేపి, వసారా అవతలికి తీసుకుపోయేది. వాడు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు "నువ్వు గూడానా?" అన్నాడట. మర్నాడు కేక వినపడగానే మళ్ళీ పిల్లను లేపింది.

అరవై నాలుగులో కోదండయ్య కూతురి పెళ్ళి కుదిరింది. పరుపులు కుట్టించాలని గూడూరు అవతలినుంచి సైదాబీ అనే ఆమెను పిలిపించారు. మొగుడు పోయాక అతని దూది ఏకే విల్లు తనే భుజాన వేసుకుని, కూతురు ఖుర్షీదాను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టే మనిషి. పగలు పెద్దింటి గొడ్లచావడిలో పని. తల్లి విల్లు మీటుతూ దూది ఏకితే, పద్దెనిమిదేళ్ళ కూతురు పెద్ద సూదితో పరుపులు కుట్టేది. రాత్రి తలారి ముత్యాలయ్య ఇంటి వసారాలో పడక.

మొదటి సాయంత్రమే సైదాబీ ఆ కేక విని, ముత్యాలయ్య ఇంటికి రాగానే అడిగింది.

"ఎవరయ్యా ఆ హజరత్తయ్య?"

"కేడీ అమ్మా. ఆడపిల్ల కేసు."

"ఇంకెవర్నన్నా పిలుస్తారా?"

"లేదమ్మా. మా ఊరంతటికీ వాడొక్కడే."

"మంచి పద్ధతయ్యా మీది," అంది సైదాబీ. "నేను పిల్లను ఏసుకోని పది ఊళ్ళు తిరిగేదాన్ని. ఏ ఊళ్ళో ఎవడు మంచోడో, ఎవడు కాదో చెప్పే దిక్కుండదు. ఇట్లా పేరు పెట్టి చెప్తే మాలాంటోళ్ళకు ఎంత మేలు."

ముత్యాలయ్య బీడీ వెలిగించుకున్నాడు.

హజరత్తయ్యను బండి మీదనుంచి ఎప్పుడో తీసేశారు. పెద్దింటికి కట్టెలు కొట్టి బతుకుతున్నాడు. కట్టెలు కొడుతూ చూశాడు. దశరథం గొడ్లచావడి ముందు కుర్చీ వేయించుకుని, పని చూస్తున్నట్టు, పొద్దున కూర్చున్నవాడు భోజనానికి తప్ప లేవడం లేదు. ఖుర్షీదా తల వంచుకుని కుడుతోంది. దశరథం వంక చూస్తే హజరత్తయ్యకు సర్వితోట గుర్తొచ్చింది. ఈలోగా పరుపుగుడ్డ చాలలేదు. సైదాబీ గూడూరు పోయి ఒక రాత్రి ఉండి తేవాలి. పిల్లను ముత్యాలయ్య భార్య దగ్గర వదిలి పోదామనుకుంది. పగలు మాత్రం పిల్ల పెద్దింట్లో కుట్టుపని చేయాలి.

హజరత్తయ్యకు ఉండబట్టలేదు. పట్టపగలు, సైదాబీ బావి దగ్గరికి వచ్చినప్పుడు, దూరంగా నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు ఊరికి పోతే పిల్లను గూడా తీసకపో. ఆ ఇంట్లో ఒంటిగా వదిలి పోబాక."

"ఎవరు నువ్వు?" అంది సైదాబీ.

ఆ క్షణంలో వాడు ఇంకేదైనా పేరు చెప్పి ఉండొచ్చు. వెంకయ్య అనొచ్చు, మస్తానయ్య అనొచ్చు. ఆమెకు ఏం తెలుసు? కాని పేరు పిలిస్తే పలకడం తప్ప ఊరు వాడికి ఆ నాలుగేళ్ళలో ఇంకేదీ నేర్పలేదు.

"హజరత్తయ్యనమ్మా," అన్నాడు.

సైదాబీ చేతిలో చేద బావిలోకి జారిపోయింది. నీళ్ళు లేకుండానే పరుగున ముత్యాలయ్య ఇంటికి వచ్చింది.

"ఆ కేడీ నా పిల్ల ఊసు ఎత్తినాడయ్యా. పెద్దింట్లో ఉంచబాకంటాడు. నేను ఊరికి పొయ్యేది గూడా కనిపెట్టినాడు, ఎట్లన్నా పిల్లను ఆ ఇంట్లోంచి బయటికి రప్పించాలని చూస్తుండాడు. మీ వసారాకు తలుపు గూడా లేదు గదా." కాసేపు ఆయాసపడింది. "నిజం చెప్పయ్యా. ఈ ఊళ్ళో నేను భయపడాల్సినోడు వాడేనా, ఇంకెవడన్నా ఉండాడా?"

ముత్యాలయ్యకు తెలుసు. ఊరందరికీ తెలిసినట్టే తెలుసు. కాని అతని తలారి పని మునసబు కోదండయ్య చేతిలో ఉంది. పైగా ఇన్నేళ్ళు తన గొంతుతో తనే కేకలేశాడు.

"పిలిచేది వాణ్ణొక్కణ్ణేనమ్మా," అన్నాడు.

అబద్ధం కాదు. సైదాబీకి అది చాలింది. నేరుగా పెద్దింటికి పోయి, జరిగింది చెప్పి, తను తిరిగొచ్చేదాకా పిల్లను రాత్రి కూడా ఇంటి లోపలే పడుకోబెట్టుకోమని కోదండయ్యను బతిమాలింది.

"మంచి పని చేస్తివి. మా ఇంటి కంటే భద్రం యాడుండాది?" అన్నాడాయన. అరుగు మీదున్న దశరథం లోపలికి లేచిపోయాడు.

హజరత్తయ్య నోరు విప్పకపోతే ఖుర్షీదా ఆ రాత్రి తలారి వసారాలో ముత్యాలయ్య భార్య పక్కన పడుకునేది. వాడు నోరు విప్పాడు కాబట్టి పెద్దింట్లో పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం సైదాబీ పరుపుగుడ్డ మూట దించుకుని గొడ్లచావడిలోకి వచ్చేసరికి ఖుర్షీదా దూది కుప్పలో మొహం దాచుకుని ఉంది. తల్లి పట్టి లేపింది. పిల్ల ఒక్కటే మాట అంది. "చిన్నయ్య."

సైదాబీ గేటు ముందు కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఊరు పోగైంది. కోదండయ్య తొణకలేదు. ఎవరో పిలిస్తే వచ్చినట్టు కానిస్టేబులు అప్పటికే అరుగు మీద మజ్జిగ తాగుతున్నాడు.

"నిన్న నువ్వే గదమ్మా నాతో చెప్పింది?" అన్నాడు కోదండయ్య, అందరూ వినేట్టు. "ఆ కేడీ నీ పిల్ల ఊసు ఎత్తినాడని, దానిమీద కన్నేసినాడని. నీ నోటితోనే చెప్తివే. దొడ్డిగోడ దూకినట్టుండాడు."

ముత్యాలయ్యను పిలవమన్నారు. పట్టపగలు, దీపాలవేళ కాకముందే, ఆ పేరు వీధిలో లేచింది. "ఉండా సామీ," అన్నాడు హజరత్తయ్య, గొడ్డలి కింద పెట్టి. ఎవరూ పట్టుకురాకుండానే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈయన కాదు," అంది ఖుర్షీదా, వణుకుతూనే.

"పిల్ల బెదిరిపోయుండాది," అన్నాడు కోదండయ్య. కానిస్టేబులు తలూపాడు.

సైదాబీ లేచి కానిస్టేబులు ముందుకు పోయింది. "ఈయన నాకు ముందే చెప్పినాడయ్యా. ఆ ఇంట్లో వదలబాకని చెప్పినాడు. నేనే వినలేదు. పేరు విని వినలేదు." ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

అప్పుడు హజరత్తయ్య తలెత్తాడు. "నేను కాదయ్యా. అప్పుడు గూడా నేను కాదు."

"అప్పుడు నేనే చేసినా అని జడ్జీ ముందర ఒప్పుకున్నావు గదరా," అన్నాడు కానిస్టేబులు. "అప్పుడు అబద్ధమాడినోడివి ఇప్పుడు నిజమాడతావా?"

వాడు ఊరి వంక తిరిగాడు. ఒక్కొక్కరి మొహమే చూశాడు. నిజం ఆ గుంపులో ప్రతివాడి కడుపులోనూ ఉంది. ఒకడు తలపాగా సర్దుకున్నాడు. ఒకామె బిడ్డ ముక్కు తుడిచింది. థూ, మనుషులేనా వీళ్ళు. చివరికి వాడు వెంకటశేషమ్మను చూశాడు. ఆమె ఒక్కతే అరిచింది, వాడు కాదు, చిన్నయ్యే, అప్పుడూ చిన్నయ్యే అని. కేడీ పెళ్ళాం ఇంకేమంటుందని నవ్వారు.

వాణ్ణి తీసుకుపోయారు. సాక్ష్యాలు పెద్దిల్లే సమకూర్చింది. రెండోసారి కాబట్టి శిక్ష గట్టిగా పడింది. సైదాబీనీ పిల్లనీ ఆ సాయంత్రమే బండెక్కించి పంపేశారు. ఆమె తన విల్లు మరచిపోయింది, దాని కోసం మళ్ళీ రాలేదు. కోదండయ్య కూతురి పెళ్ళి ఖుర్షీదా కుట్టిన పరుపుల మీద దివ్యంగా జరిగింది. అందరూ వెళ్ళి భోంచేసి వచ్చారు.

హజరత్తయ్య ఇంక తిరిగి రాలేదు. జైల్లో రక్తవిరేచనాలు పట్టుకుని పోయాడని కబురొచ్చింది. ఆ కబురు చెప్పడానికి ముత్యాలయ్య కేకెయ్యకుండా గుడిసె గుమ్మం దాకా నడిచి వచ్చాడు. స్టేషనులో వాడి షీటు మూసేశారు. ఆ తర్వాత మా ఊళ్ళో పిలవడానికి పేరే లేదు. వాకాడు వైపునుంచి సంబంధాలకు వచ్చినవాళ్ళు ముత్యాలయ్యను విచారించేవాళ్ళు. "మీ ఊళ్ళో కేడీలుండారా?" "లేరయ్యా." వాళ్ళు సంతోషించి మా ఊరికి పిల్లలనిచ్చారు. దీపాలవేళ దాటినా ఆడపిల్లలు వీధిలో ఆడుకున్నారు. దశరథం అరుగు మీదనే కూర్చునేవాడు.

అరవై ఎనిమిదిలో కోదండయ్య వెంకటశేషమ్మకు కబురు చేశాడు. ఇన్నేళ్ళుగా తన నేల మీద ఉంటున్నారు, పిల్ల ఎదిగింది, ఊడ్చడానికీ అంట్లకూ పంపమన్నాడు. పంపకపోతే ఏమవుతుందో చెప్పలేదు. ఆ మాట ఆమె ఒకసారి ఆ అరుగు కింద నిలబడి వినే ఉంది.

ఆ సాయంత్రం వెంకటశేషమ్మ ముత్యాలయ్య దగ్గరికి పోయింది.

"అన్నా, నీ గొంతుతో మా ఆయన్ను అన్నేళ్ళు పిలిచినావు. ఒక్కరోజు దశరథం పేరు పిలువు. ఆ గేటు ముందరే నిలబడి పిలువు. కొత్తగా వచ్చినోళ్ళన్నా వింటారు."

ముత్యాలయ్య చేతికర్ర గోడకు ఆనించాడు. "ఆ పేరు మీద షీటు లేదు తల్లీ," అన్నాడు. "లేని పేరు నేనెట్లా పిలిచేది?"

మర్నాడు కామాక్షమ్మ చీపురు పట్టుకుని పెద్దింటి గేటు లోపలికి పోయింది. వెంకటశేషమ్మ కూలికి పోలేదు. గేటుకు ఎదురుగా, సరిగ్గా ముత్యాలయ్య నిలబడే చోట, మట్టిలో కూర్చుంది. కాసేపటికి గోడ మీదుగా గొంతెత్తి పిలిచింది.

"కామాక్షమ్మో."

"ఉండానమ్మా," అని లోపలినుంచి బదులొచ్చింది.

పొద్దుగూకేదాకా అట్లా పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ పిల్ల పలకాలి. దశరథం విసుక్కున్నాడు, కోదండయ్య గదమాయించాడు, పిచ్చిది అని ఊరు నవ్వింది. ఆమె లేవలేదు. ఎండలోనూ వానలోనూ రోజూ వచ్చి అక్కడే కూర్చునేది. పేరు పిలిచి, బదులు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునేది. వచ్చాక కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ పిలిచేది.